మందు లేని తెగుళ్ళు: పైరుపై వైరస్ దాడి, పైరు ఆత్మరక్షణ

రోగమనే మాట వినగానే మనకు ముందుగా మనుషుల రోగాలు, తరువాత పశువుల రోగాలు స్ఫురిస్తాయి. పైరుకు వచ్చే రోగానికి తెలుగు రైతు 'తెగులు' అని వేరే మాట ఏర్పరచుకొన్నాడు. ఆ ఒక్క మాట క్రింద అతడు గుర్తించిన భేదాలు అనేకం. మినుము ఆకు మీద పసుపు మచ్చలు పుట్టి, క్రమంగా ఆకంతా పాలిపోతే అది పల్లాకు తెగులు. మిరప ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారితే బొబ్బర. వేరుశనగ చిగురు మాడిపోతే మొవ్వుకుళ్ళు. కంది మొక్క గుబురుగా, పచ్చగా పెరిగి, పూత మాత్రం పూయకుండా నిలిచిపోతే వెర్రి తెగులు. అరటి ఆకులు చిన్నవై, గుత్తిగా నిక్కబొడుచుకొని, గెల వేయకపోతే వెర్రితల. ఈ పేర్లన్నీ కంటికి కనిపించిన లక్షణాన్ని బట్టి పుట్టినవి. చూపు ఎంత నిశితమైనదో మాటలే చెబుతున్నాయి. అయితే పైన చెప్పిన ఐదు తెగుళ్ళకూ కారణం ఒకే జాతికి చెందిన శత్రువని ఏ కంటికీ కనిపించే అవకాశం లేదు. ఆ శత్రువు పేరు వైరస్. లాటిన్ భాషలో ఆ మాటకు విషమని అర్థం.

మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు 'ఇలాజ్' వేరు, 'పర్హేజ్' వేరు అంటారు. ఇలాజ్ అంటే చికిత్స; పర్హేజ్ అంటే రోగం దరిచేరకుండా పాటించే పథ్యం, జాగ్రత్త. శిలీంధ్రం వల్ల వచ్చే తెగులుకు ఇలాజ్ ఉన్నది. పురుగు తింటే పురుగుమందు ఉన్నది. వైరస్ సోకిన పైరుకు పొలంలో చల్లి నయం చేయగల మందు నేటివరకు లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ, రుద్రవరం, చాగలమర్రి, శిరివెళ్ళ ప్రాంతాల నుండి మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో సేద్యపు కుటుంబాలవారు తక్కువేమీ కాదు. తెగులు కనిపించిన మరునాడే అప్పుచేసి మూడు రకాల మందులు కొని కలిపి చల్లే అలవాటు మన పల్లెలలో ఉన్నది. పైరు పోవడం ఒక నష్టం, మందుల ఖర్చు దానిమీద మరొక నష్టం. రెండవ నష్టాన్నయినా తప్పించవచ్చునని చెప్పడానికే ఈ వ్యాసం. అందుకు వైరస్ మొక్కలోనికి ఎట్లా ప్రవేశిస్తుందో, మొక్క దానిని ఎట్లా ఎదిరిస్తుందో కొంత వివరంగా తెలుసుకోవలసి ఉన్నది.

వైరస్ అనేది ఉన్నదని మానవుడికి మొట్టమొదట తెలిసింది మనుషుల రోగం వల్ల కాదు, పొగాకు రోగం వల్ల. పొగాకు ఆకులమీద లేత, ముదురు పచ్చ మచ్చలు అతుకుల బొంతవలె ఏర్పడే తెగులుకు 1886లో అడాల్ఫ్ మేయర్ 'మొజాయిక్' అని పేరుపెట్టారు. రోగపు ఆకు రసాన్ని ఆరోగ్యవంతమైన ఆకులోనికి ఎక్కిస్తే దానికీ రోగం వస్తుందని ఆయన చూపారు. 1892లో రష్యాకు చెందిన ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బాక్టీరియా కూడా దూరలేని వడపోత గుండా పోనిచ్చినా రోగకారక శక్తి పోలేదని కనుగొన్నారు. 1898లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఇది సూక్ష్మజీవి కాదు, జీవకణంలో మాత్రమే వృద్ధిచెందే వేరొక పదార్థమని ప్రకటించారు. 1935లో అమెరికాలో స్టాన్లీ దానిని ఉప్పు పలుకులవలె స్ఫటికాలుగా వేరుచేసి లోకాన్ని ఆశ్చర్యపరిచారు. స్ఫటికంగా సీసాలో ఉంచవచ్చును, తిరిగి ఆకుకు రుద్దితే రోగం పుట్టించవచ్చును. ఇది జీవమా, జడమా అనే తర్కం ఇప్పటికీ తెగలేదు. తెగకపోయినా మన ప్రస్తుత విషయానికి వచ్చే లోటు లేదు.

పొగాకు మొజాయిక్ వైరస్ ఒక సన్నని కడ్డీ. దాని పొడవు 300 నానోమీటర్లు. మూడు వేలకు పైగా కడ్డీలను ఒకదాని వెనుక ఒకటి పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. నడుమ ఆర్.ఎన్.ఎ. అనే దారం, దాని చుట్టూ ఒకే రకపు ప్రోటీను ముక్కలు 2,130 మెట్లవలె పేర్చి ఉంటాయి. ఆ దారంలో ఉన్న అక్షరాలు సుమారు 6,400. ఒక చిన్న కరపత్రానికి సరిపోయే అక్షరాలు! ఇంత స్వల్పమైన సమాచారంతో అది ఎకరాల పొగాకును పాడుచేస్తుంది. దానికి సొంతంగా ఆహారం తీసుకొనే శక్తి లేదు, శ్వాస లేదు, కదలిక లేదు. మొక్క కణంలో ప్రోటీనులు తయారుచేసే యంత్రాంగాన్ని తన నకళ్ళు తీయడానికి వాడుకోవడం ఒక్కటే దానికి తెలిసిన విద్య.

కాని కణంలోనికి చేరేదెట్లా? జంతుకణానికి వెలుపల పలుచని పొర మాత్రమే ఉంటుంది. మొక్క కణానికి ఆ పొరపైన సెల్యులోజుతో కట్టిన గట్టి గోడ ఉన్నది. మొక్కలకు సోకే వైరస్ తనంతట తాను ఆ గోడను ఛేదించలేదు. ఎవరో గాయం చేయాలి, లేదా రోగపు మొక్క నుండి వచ్చిన అంటు, పిలక, విత్తనం ద్వారా పుట్టుకతోనే రావాలి. గాలికి ఆకులు ఒరుసుకొన్నా, కలుపుతీసే చేయి తగిలినా, కొడవలి గీసుకొన్నా పొగాకు మొజాయిక్‌కు దారి దొరుకుతుంది. పొగాకు నలిపిన చేతితో టమాటా నారు పట్టుకోవడం మంచిది కాదని చెప్పేది అందుకే.

అయితే అత్యధిక వైరస్‌లకు వాహనాలు పురుగులే. ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించాలి, ఎందుకంటే మందు చల్లాలా వద్దా అనే ప్రశ్నకు జవాబు ఈ భేదంలోనే ఉన్నది. బొప్పాయికి వలయపు మచ్చల తెగులు తెచ్చే వైరస్‌ను పేనుబంక మోస్తుంది. పేనుబంక తనకు సరిపడని మొక్కమీద వాలినా, సూది వంటి నోటిని ఒకసారి గుచ్చి రుచి చూసి లేచిపోతుంది. ఆ రుచి చూసే కొద్ది సెకండ్లలోనే వైరస్ నోటికి అంటుకొంటుంది. మరొక మొక్కను రుచి చూసినప్పుడు దానికి అంటుతుంది. ఇట్టి చోట పురుగుమందు చల్లినా పురుగు చచ్చేలోపే అది చేయవలసిన అపకారం చేసి ఉంటుంది. మినుము పల్లాకు తెగులు కథ వేరు. ఆ వైరస్ జంట గుండ్లవలె ఉంటుంది కాబట్టి ఆ కుటుంబానికి జెమిని వైరస్‌లని పేరు. జెమిని అనగా మన మిథునరాశియే. దీనిని మోసేది తెల్లదోమ. దోమ రోగపు ఆకు రసాన్ని కొంతసేపు నిలకడగా పీల్చాలి. వైరస్ దాని ప్రేగు దాటి, దేహద్రవంలో ప్రయాణించి, లాలాజల గ్రంథులకు చేరాలి. అందుకు గంటలు పడుతుంది. ఒకసారి చేరిన తరువాత దోమ చాలా రోజులపాటు పోయిన మొక్కకల్లా రోగం పంచుతుంది. ఇక్కడ తెల్లదోమను తొలిదశలో అదుపుచేస్తే కొంత ప్రయోజనం కలదు. చేనంతా పసుపు తిరిగిన తరువాత దోమను చంపితే, పసుపు ఆకు తిరిగి పచ్చబడదు.

కందికి వచ్చే వెర్రి తెగులు మరీ విచిత్రమైనది. 1931లో బీహారులోని పూసాలో ఈ తెగులును తొలిసారి వర్ణించారు. ఒక మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు ఉండే నల్లి దీనిని మోస్తుంది. నల్లిని పట్టుకొన్నారు గాని, అది మోసే వైరస్‌ను నిర్ధారించడానికి దాదాపు 70 సంవత్సరాలు పట్టింది. పూత లేకుండా పచ్చగా నిలిచిన కంది మొక్కను చూసి చేను బలంగా ఉన్నదని మురిసిపోయేవారున్నారు. మొక్కకు బలం వచ్చి కాదు, గొడ్డుతనం వచ్చి.

లోనికి చేరిన వైరస్ తన ప్రోటీను చొక్కా విప్పుకొని, నకళ్ళు తీయించుకొని, ప్రక్క కణానికి బయలుదేరుతుంది. మొక్క కణాల నడుమ గోడలలో అతి సన్నని సందులుంటాయి. పోషకాలు, సంకేతాలు వాటి గుండానే పోతాయి. ఆ సందులను వెడల్పు చేసే ప్రోటీను ఒకటి వైరస్ దగ్గర ఉన్నది. కణం నుండి కణానికి నడిచి, ఆకు ఈనెలలోని పోషక కణజాలానికి చేరగానే దానికి రాజమార్గం దొరుకుతుంది. ఆకు తయారుచేసిన చక్కెర ఎటు ప్రవహిస్తే తానూ అటు పోతుంది. చక్కెర ఎక్కువగా పోయేది లేత చిగుళ్ళకూ, పిందెలకూ. తెగులు ముందుగా లేత ఆకులలో కనిపించడానికి కారణమిదే.

మరి మొక్క ఊరకే ఉంటుందా? మొక్కకు రక్తం లేదు. మన ఒంటిలో తిరిగే తెల్లకణాల వంటి సైన్యం లేదు. పారిపోవడానికి కాళ్ళు లేవు. అయినా ప్రకృతిలోని మొక్కలలో ఎక్కువ భాగం ఎక్కువ వైరస్‌లకు లొంగవు. లొంగేవి కొన్ని మాత్రమే. ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకొంటుంది.

మొదటి ఆయుధం ఆత్మాహుతి. 1929లో ఫ్రాన్సిస్ హోమ్స్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఒక అడవి పొగాకు జాతి ఆకుకు మొజాయిక్ రసం రుద్ది చూశారు. ఆకంతా రోగం వ్యాపించలేదు. రసం తగిలిన చోట చిన్న గోధుమరంగు చుక్కలు ఏర్పడి ఆగిపోయాయి. వైరస్ చొరబడినట్లు పసిగట్టిన కణాలు, తమ చుట్టుప్రక్కల కణాలతో సహా తమను తాము చంపుకొన్నాయి. మంట ప్రాకకుండా గుడిసెల వరుసలో రెండు గుడిసెలను పీకివేసినట్లు. ఈ శక్తి ఒకే ఒక జన్యువు వల్ల వస్తుందని తరువాత తేలింది. 1994లో ఆ జన్యువును విడదీసి చదివారు. వైరస్ ప్రోటీను ఒకదానిని గుర్తుపట్టే కాపలాదారు దానిలో వ్రాసి ఉన్నది.

ఈ కాపలాదారుకొక బలహీనత కలదు. వేడి 28 డిగ్రీలు దాటితే అతడు నిద్రపోతాడు. అప్పుడు వైరస్ అడ్డులేకుండా మొక్కంతా వ్యాపిస్తుంది. వేడి తగ్గి కాపలాదారు మేల్కొనేసరికి శత్రువు ప్రతి కణంలోనూ ఉంటాడు. ఆత్మాహుతి అంతటా మొదలై మొక్క మొత్తం కూలిపోతుంది. నంద్యాల ఎండలు ఎరిగిన మనకు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుండదగినది. చల్లని దేశంలో నిలిచిన నిరోధకశక్తి మన నేలమీదా అట్లే నిలుస్తుందని ముందుగా అనుకోరాదు; ఇక్కడి ఎండలోనే పరీక్షించాలి.

చుక్కలు పడిన ఆకు ఒక కబురు కూడా పంపుతుంది. 1961లో రాస్ అనే శాస్త్రజ్ఞుడు పొగాకు క్రింది ఆకులకు వైరస్ తగిలించి, కొన్ని రోజుల తరువాత పై ఆకులకు తగిలించారు. పై ఆకులలో చుక్కలు తక్కువగా, చిన్నవిగా వచ్చాయి. క్రింది ఆకు అనుభవం పై ఆకుకు ఎట్లో తెలిసింది! ఈ వ్యవహారంలో సాలిసిలిక్ ఆమ్లానికి ముఖ్యమైన పాత్ర ఉన్నది. తలనొప్పికి మనం మింగే ఆస్పిరిన్‌కు అది దగ్గరి చుట్టం. 1979లో ఇంగ్లండులో వైట్ అనే పరిశోధకుడు పొగాకు ఆకులలోనికి ఆస్పిరిన్ ద్రావణం ఎక్కించి, మొజాయిక్‌కు వాటి నిరోధం పెరిగినట్లు చూపారు. ఇది చదివి ఎవరూ ఆస్పిరిన్ బిళ్ళలు నూరి చేనుకు చల్లరాదు. అది ప్రయోగశాలలో ఒకటి రెండు ఆకులమీద జరిగిన పరీక్ష; ఎకరాల లెక్కకు వచ్చేది కాదు.

రెండవ ఆయుధం ఇంతకంటె సూక్ష్మమైనది. 1928లో వింగార్డ్ అనే ఆయన వలయపు మచ్చల తెగులు సోకిన పొగాకు మొక్కలను గమనించారు. క్రింది ఆకులనిండా మచ్చలు. తరువాత పుట్టిన పై ఆకులు నిర్మలంగా ఉన్నాయి. అదే వైరస్‌ను మళ్ళీ తగిలించినా వాటికి రోగం రాలేదు. దీనికి వివరణ దొరకడానికి డెబ్బది ఏళ్ళు పట్టింది. ఆ దారి చూపింది ఒక పూలమొక్క. 1990లో అమెరికాలో జోర్గెన్సెన్, ఆయన సహచరులు పెట్యూనియా పూలకు ఊదారంగు మరింత గాఢంగా రావాలని రంగు జన్యువును అదనంగా చేర్చారు. పూసినవి తెల్లపూలు! అదనపు జన్యువు తాను పలకకపోగా, ఉన్నదాని నోరు కూడా మూయించింది. 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బౌల్‌కోంబ్ అనేవారు ఈ మౌనానికి మూలమైన అతి చిన్న ఆర్.ఎన్.ఎ. తునకలను మొక్కలలో పట్టుకొన్నారు.

జరిగేది ఇది. వైరస్ నకళ్ళు తీసుకొనేటప్పుడు దాని ఆర్.ఎన్.ఎ. జంట పేటలుగా ఏర్పడుతుంది. కణంలో అట్టి పొడవైన జంట పేట కనిపించడం అసాధారణం. కత్తెర వంటి ఎంజైము ఒకటి వచ్చి దానిని 21 మొదలు 24 అక్షరాల తునకలుగా కత్తిరిస్తుంది. మరొక ప్రోటీను ఒక్కొక్క తునకను చేతబట్టుకొని, ఆ అక్షరాలకు సరిపోయే ఆర్.ఎన్.ఎ. ఎక్కడున్నదా అని వెదకుతుంది. దొరికినదానిని నరుకుతుంది. దొంగ ఫోటో పట్టుకొని ఊరంతా గాలించే పోలీసువలె. ఆ ఫోటోలు ముందున్న కణాలకు కూడా చేరుతాయి. వైరస్ వచ్చేసరికి అక్కడ కాపలా సిద్ధంగా ఉంటుంది. వింగార్డ్ చూసిన నిర్మలమైన ఆకుల రహస్యం ఇదే. ఈ ఆయుధానికి వేడి శత్రువు కాదు. చలిలో మొద్దుబారి, వెచ్చదనంలో పదునెక్కుతుంది.

ఇంత ఏర్పాటుండగా పైర్లు ఎందుకు పోతున్నాయి? వైరస్ కూడా ఊరకే కూర్చోలేదు కాబట్టి. ఆ తునకలనే పట్టుకొని దాచివేసే ప్రోటీనులు చాలా వైరస్‌ల దగ్గర ఉన్నాయి. కాపలాదారు గుర్తుపట్టే ముఖకవళికను ఒకటి రెండు అక్షరాల మార్పుతో మార్చుకొనే వైరస్‌లూ ఉన్నాయి. ఒక రకపు పైరునే వేల ఎకరాలలో, ఏటేటా వేస్తే, ఆ ఒక్క తాళాన్ని తెరవగల వైరస్‌కు మనమే పందిరి వేసినట్లవుతుంది. అడవిలో ఒక మొక్క ప్రక్కన దాని తోబుట్టువులే వేలకొద్దీ నిలబడవు, పొలంలో నిలబడతాయి. మొక్క తన శక్తినే సరిగా వాడుకొనేటట్లు మనిషి సాయపడిన సందర్భం కూడా ఒకటున్నది. హవాయి దీవులలో బొప్పాయి తోటలు వలయపు మచ్చల తెగులుకు నాశనమవుతుండగా, డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ జన్యువు ముక్కనే బొప్పాయిలో చేర్చింది. ఫోటో ముందుగానే చేతికందిన ఆ మొక్కలు వైరస్‌ను నిలువరించాయి. 1998లో ఆ రకం రైతులకు చేరింది.

ఇక మన ప్రక్క జిల్లాలో జరిగిన సంగతికి వస్తాను. 2000 సంవత్సరం ఖరీఫులో నాటి అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు చిగుళ్ళతో పాటు కాండాలు కూడా మాడి చనిపోసాగాయి. మొదట అందరూ దానిని పాత మొవ్వుకుళ్ళే అనుకొన్నారు. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించిందని అంచనా. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో డి.వి.ఆర్. రెడ్డి ప్రభృతులు పరీక్షించి, ఇది మొవ్వుకుళ్ళు వైరస్ కాదనీ, పొగాకు చారల వైరస్ అనీ నిర్ధారించి 2002లో ప్రకటించారు. అంతకుముందు 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో సూర్యకాంతి తోటలను ఎండగొట్టినదీ ఇదే. నల్లరేగడి మీద సూర్యకాంతి విరివిగా పండించిన మన ప్రాంతానికి ఇది దూరపు కథ కాదు.

ఈ వైరస్ ప్రయాణం చిత్రంగా ఉంటుంది. దాని స్థావరం వేరుశనగ కాదు, వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అని కూడా పిలిచే ఈ కలుపు మొక్క మన దేశంలో 1950 దశకంలో పూణె ప్రాంతంలో గుర్తించబడి, ఇప్పుడు బీడు, బాట, గట్టు, గోడవార అన్న తేడా లేకుండా వ్యాపించినది. ఇంత అపకారికి ఇంత అందమైన పేరు పెట్టిన చమత్కారి ఎవరోగాని, మన భాషలో వ్యంగ్యానికి కొరత లేదనడానికి ఇదొక నిదర్శనం. వైరస్ సోకినా వయ్యారిభామ మీద తెగులు గుర్తులు కనిపించవు. కాని దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకొంటుంది. అవి గాలివాటున వేరుశనగ మీద వాలి, లేత ఆకును గీకి తింటాయి. గీకిన గాయంలో పుప్పొడి రాలుతుంది. గోడకు కన్నం పడినది, దొంగ లోపలికి పోయినాడు.

ఇందులో గమనించవలసినదేమంటే, రోగం ఎక్కువగా బయటి నుండి చేనులోనికి వస్తున్నది గాని, చేనులో ఒక వేరుశనగ మొక్క నుండి మరొక దానికి అంతగా ప్రాకడం లేదు. కావున తెగులు కనిపించిన తరువాత వేరుశనగ మీద ఎన్ని మందులు చల్లినా మూలం గట్టుమీద పూస్తూనే ఉంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు చెప్పిన ఉపాయాలన్నీ పర్హేజు జాతివే. చేను చుట్టూ జొన్న గాని సజ్జ గాని కొన్ని వరుసలు ఒత్తుగా వేస్తే, గాలిలో వచ్చే తామర పురుగులకు అది తడిక అవుతుంది. వేరుశనగ ప్రక్కనే సూర్యకాంతి వేయరాదు, దాని పుప్పొడి కూడా వైరస్‌ను మోయగలదు. విత్తనాన్ని మందుతో శుద్ధిచేసి విత్తితే లేత వయసులో పురుగు బాధ తగ్గుతుంది. ఖర్చు పెట్టదలచుకొంటే పెట్టవలసినది అప్పుడే.

మినుము విషయంలో ఎల్.బి.జి. 787, పి.యు. 31 వంటివి పల్లాకు తెగులును తట్టుకొనే రకాలుగా పేరుపొందాయి. అయినా పైన చెప్పినట్లు ఏ తాళమూ శాశ్వతం కాదు కనుక, ఏటేటా విత్తనం కొనేముందు ఈ సంవత్సరం ఏ రకం నిలుస్తున్నదని నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడిగి తెలుసుకోవడం మేలు. 1906లో నెలకొన్న ఆ స్థానం మన ముంగిట ఉండగా, విత్తనం సలహాకు దుకాణానికే పోవడం నాకు ఆశ్చర్యంగా తోస్తుంది. మహానంది ప్రాంతపు అరటి రైతులు వెర్రితల పట్టిన తోట నుండి పిలకలు తేరాదు. పరీక్షించిన తల్లిమొక్క చిగురు నుండి పెంచిన టిష్యూకల్చరు మొక్కలకు కొంత భద్రత ఎక్కువ, ఎందుకంటే పెరుగుతున్న చిగురు కొనలోనికి చాలా వైరస్‌లు సులభంగా చేరలేవు. పల్లాకు, వెర్రితల తెగుళ్ళలో చేనులో తొలుత కనిపించిన నాలుగైదు రోగపు మొక్కలను పీకి కాల్చడానికి మనసొప్పదు. పీకకపోతే అవే తెల్లదోమకూ, పేనుబంకకూ భాండాగారాలవుతాయి.

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. మన ప్రహరీ వెంబడి, క్రీడాస్థలం అంచులలో వయ్యారిభామ ఏటా ఏపుగా లేస్తుంది. జాతీయ సేవా పథకం విద్యార్థులు శ్రమదానంలో దానిని తొలగించవచ్చును. అయితే పని దినాన్ని ఎంచుకోవడంలో మెలకువ కావాలి. ఈ మొక్క మొలిచిన నాలుగైదు వారాలకే పూతకు వస్తుంది. తొలకరి తరువాత, పూత పట్టకముందే, చేతులకు తొడుగులు వేసుకొని వేళ్ళతో సహా పీకాలి; వట్టి చేతులతో పట్టుకొంటే దురద, దద్దుర్లు వస్తాయి. పూసిన తరువాత పీకితే అప్పటికే దాని పుప్పొడి తామర పురుగుల ఒంటిమీద గోడ దాటి పోయి ఉంటుంది.